ఎండకాలమంతా ఇంట్లోనే: ఒక్క చోట కూర్చోలేని రెండేళ్ల పిల్లవాడికి ఒళ్లు అలిసే ఆటలు కావాలి

రామగిరి అమ్మ (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా బాబుకు రెండేళ్ల మూడు నెలలు. మే నెలలో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడి వారికి చెప్పనక్కర లేదు. పొద్దున తొమ్మిది దాటితే డాబా మీద కాలు పెట్టలేము, సాయంత్రం ఆరయ్యే దాకా వాడిని గడప దాటనివ్వలేము. మాది మొదటి అంతస్తులో రెండు అర్రల అద్దె ఇల్లు. కింద ఇంటి యజమానులైన పెద్దవాళ్లు ఇద్దరు ఉంటారు.

వాడు లేచింది మొదలు సోఫా చేతుల మీదికెక్కి దూకుతాడు, ప్లాస్టిక్ కుర్సీని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోసుకుంటూ పోతాడు, బియ్యం డబ్బా మీద నిలబడి కిటికీ చువ్వలు పట్టుకుంటాడు. రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు ఇచ్చి చూశాను గాని వాటి ముందు కూర్చునే ఓపిక వాడికి లేదు. ఎక్కడ చదివినా పిల్లలను కూర్చోబెట్టే ఆటల గురించే రాస్తున్నారు. నాకు కావలసినవి వాడిని కదిలించే ఆటలు; అవి నాలుగు గోడల మధ్య సాగాలి, పెద్ద ఖర్చు ఉండకూడదు. మా అత్తమ్మ దిష్టి తగిలిందంటున్నారు, మా ఆయన ఫోన్‌లో పాటలు పెట్టి చేతికివ్వమంటున్నారు. ఈ రెండూ కాకుండా వేరే దారి ఉంటే దయచేసి చెప్పండి.

కవలల తల్లి (సూర్యాపేట)

అక్కా, మీ వాడు ఎక్కుతున్నాడు, తోస్తున్నాడు, దూకుతున్నాడు. ఈ మూడింటినీ మాన్పించాలని చూడకుండా, ఈ మూడింటికీ ఇంట్లో ఒక చోటు చూపించండి.

మా ఇద్దరికీ మూడేళ్లు. మంచం మీది పరుపును కిందికి దించి గోడకు ఆనించి వేస్తాను. పాత బొంతలు రెండింటిని గట్టిగా చుట్టి, తాడుతో కట్టి, దాని ముందు అడ్డంగా పెడితే అది గుట్ట అవుతుంది. భోజనాల బల్ల మీద చీర పరిస్తే కింద సొరంగం తయారవుతుంది. సొరంగంలో పాకి, గుట్ట ఎక్కి పరుపు మీదికి దిగి, అక్కడి నుంచి దర్వాజ దాకా నడిచి, దానికి చెయ్యి తాకించి తిరిగి రావాలి. మా ఇంట్లో శాబాదు బండలు పరిచి ఉన్నాయి కాబట్టి దర్వాజ దాకా పోయే చోట రెండు వరుసల బండల మధ్య అతుకు గీత కనిపిస్తుంది. కాలు పక్కకు పోకుండా ఆ గీత మీదనే నడవాలన్నది నియమం. మా చిన్నది రెండు చేతులూ చాచి, నాలుక కొసను పెదవుల మధ్య బిగించి, కిందికే చూసుకుంటూ నడుస్తుంది. ఒక పాదం గీత మీద పడితే ఇంకొకటి పక్క బండ మీద పడుతూనే ఉంటుంది గాని తాను గీత దాటలేదని దాని నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చెడగొట్టను.

రోజూ ఒకటే దారి పెడితే విసుగు పుడుతుంది. దాని కోసం కొత్త వస్తువు వెతకనక్కర లేదు, గుట్టను సొరంగానికి ముందుకు జరిపినా పిల్లలకు అది కొత్త దారే.

పాలమూరు నాయనమ్మ (మహబూబ్‌నగర్)

అమ్మా, దిష్టి తీయాలని మీ అత్తమ్మకు ఉంటే తీయనివ్వండి. దానికి ఐదు నిమిషాలు పడుతుంది, పెద్దామె మనసు కూడా కుదుటపడుతుంది. మిగిలిన పొద్దంతా పిల్లవాడికి పని చెప్పండి.

నేను ఉత్త ముచ్చటకు చెప్పడం లేదు. ఉల్లిగడ్డ సంచి వచ్చిన రోజు దాన్ని వంటింట్లో కాకుండా ముందర అర్రలో దించమంటాను. మా మనుమరాలు ఒక్కొక్క గడ్డను రెండు చేతులతో పట్టుకొని పోయి వంటింట్లో గుల్లలో వేసి వస్తుంది. నడుమ పొట్టు ఊడి పడితే ఆగి, వంగి, ఏరి, దాన్ని కూడా గుల్లలోనే వేస్తుంది. సంచి అడుగు కనిపించే సరికి ఆ అర్రకూ ఈ అర్రకూ ఎన్ని మార్లు తిరిగిందో, ఎన్ని మార్లు వంగి లేచిందో మీరే ఊహించుకోండి. పని అయిపోయినాక నేను ఆ గడ్డలు మళ్లీ సంచిలో పోసి ముందర అర్రలో పెడితే, అవి మొన్నటివేనని దానికి పట్టదు.

పిండిన బట్టల టబ్బును నూకుకుంటూ ఆరేసే తాడు దాకా తీసుకుపోవడం, తడి గుడ్డను రెండు అరచేతుల కింద పెట్టి వంగి బండలు తుడవడం, అరకిలో పప్పు పొట్లం డబ్బా దగ్గరికి మోయడం, చీపురుతో ఊడ్వడం, ఇవన్నీ వాళ్లకు ఆటలే. ఊడ్చిన చోటు మళ్లీ మనమే ఊడ్చుకోవాలి, అది వేరే సంగతి.

పిల్లల ఫిజియోథెరపిస్టు (జడ్చర్ల)

నాయనమ్మ గారు అనుభవంతో చెప్పిన మాటకు వైద్యంలో కారణం ఉంది. బరువు మోసినప్పుడు, తోసినప్పుడు, లాగినప్పుడు, ఎక్కినప్పుడు కండరాల నుంచీ కీళ్ల నుంచీ మెదడుకు గట్టి సంకేతాలు వెళ్తాయి. తన చేయి ఎక్కడ ఉంది, ఎంత బలం పెడుతున్నాడు అన్న తెలివిడి పిల్లవాడికి వాటి వల్లనే ఏర్పడుతుంది. ఆ తెలివిడి కోసం వెతుక్కుంటున్న పిల్లలే ఎక్కువగా గోడలకు తగులుకుంటూ, సోఫా మీద నుంచి దూకుతూ కనిపిస్తారు. ఊరికే పరుగెత్తించినప్పుడు కొందరు ఇంకా రెచ్చిపోవడం, బరువైన పని చెప్పినప్పుడు నెమ్మదించడం నేను తరచుగా చూస్తుంటాను.

ఎంత ఆట కావాలన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి రెండేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక విధంగా కదులుతూ ఉండాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు కూడా అవే 180 నిమిషాలు, అయితే వాటిలో కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కి ఆయాసం వచ్చేంత ఆట అయి ఉండాలి. ఇదంతా ఒకే విడతలో జరగాలని ఎవరూ అనలేదు, రోజంతా ముక్కలు ముక్కలుగా జరిగినా సరిపోతుంది. బండిలో గాని ఎత్తు కుర్చీలో గాని పట్టీ వేసి ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టవద్దని కూడా అదే పత్రం చెబుతుంది. అందువల్ల మీ వాడు రోజుకు మూడు గంటలు ఇల్లంతా తిరగడం జబ్బు కాదు, వాడి వయసుకు కావలసిన మోతాదు.

వయసుకు మించిన ఆట పెడితే మాత్రం పిల్లవాడు చిరాకు పడతాడు. రెండేళ్ల ప్రాంతంలో పరుగెత్తగలరు, బంతిని తన్నగలరు. రెండు పాదాలూ ఒకేసారి నేల నుంచి లేపి గెంతడం చాలామందికి రెండున్నరేళ్ల దగ్గర పట్టుబడుతుంది. ఒంటికాలి మీద క్షణం సేపు నిలబడాలంటే మూడేళ్లు రావాలి. కాబట్టి తొక్కుడుబిళ్ల గళ్లు గీసి ఒంటికాలి మీద గెంతమని రెండేళ్ల వాడిని అడగకండి; అవే గళ్లలో ఒక్కొక్క అడుగు వేసుకుంటూ పొమ్మనండి.

ఒక హెచ్చరిక చేయాలి. ఒప్పులకుప్ప తిప్పుతున్నామనుకొని చిన్నపిల్లలను మణికట్ల దగ్గర పట్టుకొని గాలిలో గిరగిరా తిప్పేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మోచేతి దగ్గర ముంజేతి ఎముక తలను పట్టి ఉంచే పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. చెయ్యి పట్టి గుంజితే ఆ కీలు పక్కకు జారుతుంది, పిల్లవాడు చేతిని వేలాడేసుకొని ముట్టుకోనివ్వకుండా ఏడుస్తాడు. వైద్యుడు దాన్ని నిమిషంలో సరిచేస్తాడు గాని ఇంట్లో ఎవరూ తిప్పి చూడకూడదు. ఎత్తి తిప్పాలనుకుంటే చంకల కింద పట్టుకోండి, అది కూడా నెమ్మదిగా, రెండు మూడు చుట్లు మాత్రమే.

మిర్యాలగూడ నాన్న

ఇంట్లో వస్తువులే చాలు అనే మాట వినడానికి బాగుంటుంది. రాత్రి మిల్లులో పని చేసి పొద్దున ఇంటికి వచ్చే నాలాంటి మనిషి రోజూ బొంతలు చుట్టి గుట్టలు కట్టి, అవన్నీ మళ్లీ విప్పి సర్దగలడా? మాకు తెలిసినవాళ్ల పిల్లలు పెద్దవాళ్లై మూలన పడేసిన చిన్న ప్లాస్టిక్ జారుడుబల్లను తక్కువ ధరకు తెచ్చుకున్నాము. మా పాప మెట్లు ఎక్కుతుంది, జారుతుంది, చుట్టూ తిరిగి మళ్లీ ఎక్కుతుంది. నేను పక్కన చాప వేసుకొని కళ్లు తెరుచుకొని పడుకుంటాను. చేతిలో డబ్బు ఉంటే ఒకటి కొనుక్కోమనే చెబుతాను. ఇప్పుడు పిల్లలు ఎక్కి ఎగిరి గెంతే చిన్న ట్రాంపొలిన్ కూడా తీసుకుందామనుకుంటున్నాను. డాక్టర్ గారూ, మీ అభిప్రాయం ఏమిటి?

పిల్లల ఫిజియోథెరపిస్టు (జడ్చర్ల)

అన్నా, జారుడుబల్ల మంచి కొనుగోలే. గోడకు, మంచం అంచుకు దూరంగా పెట్టి, జారి పడే చోట పరుపు వేయండి. ట్రాంపొలిన్ మాత్రం వద్దు. ఇళ్లలో వాటిని వాడవద్దని అమెరికా శిశువైద్యుల సంఘం ఏళ్ల తరబడి చెబుతోంది, ముఖ్యంగా ఆరేళ్ల లోపు వారికి ఎముకలు విరిగే ప్రమాదం ఎక్కువ. ఇద్దరు పిల్లలు ఒకేసారి ఎక్కితే బరువు తక్కువ ఉన్నవారే ఎగిరి పడతారు.

ఇంకొక మాట. ఎవరైనా ఏడాది లోపు పిల్లల కోసం చక్రాల వాకర్ కొనాలనుకుంటుంటే మానుకోండి. అది నడక నేర్పదు, పైగా మెట్ల మీద నుంచి దొర్లే ప్రమాదం తెస్తుంది. కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

రామగిరి అమ్మ (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. ఉల్లిగడ్డల ఆట మొదలైంది. మా వాడికి గుల్లలో వేయడం కన్నా గుల్లను బోర్లించడం ఎక్కువ ఇష్టంగా ఉంది, అయినా తిరుగుతూనే ఉన్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. బొంతల గుట్ట మీద నుంచి దూకినప్పుడు కింది ఇంట్లో గట్టిగా వినిపిస్తున్నదట, మధ్యాహ్నం పెద్దాయన పడుకునే వేళ చప్పుడు లేని ఆటలు కావాలి. రెండవది, ప్రతి ఆటలోనూ నేను వాడితో కలిసి పాకాలా? నాకు నడుము నొప్పి ఉంది.

వనపర్తి బాబాయి

చప్పుడు లేకుండా అలసట కావాలంటే అరచేతులు నేల మీద ఆన్చే నడకలు పెట్టండమ్మా. ఎలుగుబంటి నడకలో మోకాళ్లు నేలకు తగలకుండా నడుము పైకెత్తి చేతులూ కాళ్లతో నడవాలి. ఎండ్రకాయ నడకలో వెల్లకిలా తిరిగి, చేతులు వెనక ఆన్చి, పిరుదులు లేపి నడవాలి. ఇది మూడేళ్ల వాళ్లకే కష్టం, మీ వాడు కూలబడి నవ్వుతాడు, నవ్వనివ్వండి. పాము పాకుడు అన్నిటికన్నా సులువు. అన్న పిల్లలు వచ్చినప్పుడు నేను జంతువు పేరు పిలుస్తాను, వాళ్లు ఆ నడకలోకి మారతారు. ‘గుట్ట మీద ఎలుగు’ అన్నప్పుడు ఎంత వేగంగా పోతారో, ‘పడుకున్న కొండచిలువ’ అన్నప్పుడు అంత నిశ్శబ్దంగా పడి ఉంటారు. పెద్దాయన నిద్ర వేళకు కొండచిలువ పనికివస్తుంది.

దుప్పటి లాగుడు కూడా చప్పుడు లేని ఆటే. దుప్పటి ఒక కొస మీద మెత్తలు, బొమ్మలు పేర్చి రెండో కొసను పిల్లవాడి చేతికిస్తే, వెనక్కి వంగి కాళ్లు తన్నిపెట్టి గుంజుకుంటూ పోతాడు. నున్నటి బండల మీద దుప్పటి బాగా జారుతుంది. మెత్తలు సులువుగా కదులుతున్నాయనుకుంటే వాటి మీద బియ్యం పొట్లం ఒకటి చేర్చండి. కాళ్లకు సాక్సులు వద్దు, బండల మీద జారి వెనక్కి పడతారు. ఇంట్లో ఆటకు వట్టి కాళ్లే మంచివి.

మీ రెండో సందేహానికి నా సమాధానం: మీరు పాకనక్కర లేదు, ఒక చోట కూర్చొని పిలిచే మనిషిగా ఉంటే చాలు.

కవలల తల్లి (సూర్యాపేట)

బాబాయి గారితో పూర్తిగా ఏకీభవించలేను. కొత్త ఆటను మొదటిసారి పెట్టినప్పుడు పెద్దవాళ్లు నేల మీదికి దిగి ఒక్కసారైనా చేసి చూపించాలి. రెండేళ్ల పిల్లలకు మాటతో చెప్పిన నియమం ఎక్కదు, ఒంటితో చూపించినదే ఎక్కుతుంది. ఆ తరువాత మీరు కుర్సీలో కూర్చున్నా వాళ్లు ఆడుకుంటారు. అక్కకు నడుము నొప్పి ఉంది కాబట్టి ఆ మొదటి ప్రదర్శన బాబు వాళ్ల నాన్న చేయాలి. ఫోన్ ఇవ్వమని సలహా చెప్పినవారికి ఈ మాత్రం పని ఇవ్వడం న్యాయమే.

అంగన్‌వాడీ టీచర్ (దేవరకొండ దగ్గర)

మా కేంద్రంలో ఒకటే గది, ఎండకు బయటికి పంపలేము, కాబట్టి ఇది మాకు నిత్యం ఎదురయ్యే ప్రశ్నే. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏయే ఆటలు ఆడించాలో చెప్పే ‘నవచేతన’ అనే జాతీయ చట్రాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసింది. ఇంట్లో దొరికే వస్తువులతో, ఇంట్లో మనుషులతో ఆడే ఆటలకు అందులో పెద్ద పీట వేశారు. మీ దగ్గరి అంగన్‌వాడీలో అడిగితే మీ బాబు వయసుకు తగిన ఆటలు చెబుతారు.

మా పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది ఆగుడు ఆట. నేను పళ్లెం మీద గరిటెతో కొడుతూ ఉంటే వాళ్లు గుండ్రంగా నడుస్తారు, చప్పుడు ఆగగానే ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోవాలి. నెమ్మదిగా కొడితే ఏనుగు నడక, గబగబా కొడితే పరుగు. రెండేళ్ల వాళ్లు మొదట్లో ఆగరు. ఆగిన పెద్ద పిల్లలను చూసి నవ్వుతూ ఇంకా పరుగెత్తుతారు. కొన్ని రోజులు గడిచే సరికి, ఆగే ముందు నా చేతి వంక చూడడం నేర్చుకుంటారు. నాకు ఆ చూపే ముఖ్యం, ఎందుకంటే తన ఒంటిని తాను ఆపుకోవడం పిల్లవాడు అక్కడ మొదలుపెడుతున్నాడు. పళ్లెం చప్పుడు మీ కింది ఇంటివాళ్లకు ఇబ్బంది అయితే చప్పట్లు కొట్టండి. బతుకమ్మ చుట్టూ ఆడినట్టు మధ్యలో ఒక బిందె పెట్టి, ఒక అడుగు లోపలికి వేసి వంగి చప్పట్టు కొట్టి, వెనక్కి వచ్చి పక్కకు జరగడం కూడా నేర్పుతాము. ఆ వంగి లేవడంలోనే కాళ్లకు మంచి పని పడుతుంది.

బంతి కావాలంటే పాత మెత్తటి బట్టలను ఉండగా చుట్టి సాక్సులో కుక్కి మూతి కుట్టేయండి. గోడకు విసిరినా, తలుపుకు తన్నినా చప్పుడు రాదు, టీవీ పగలదు. బట్టల గంపను మూలన పెట్టి దూరం నుంచి అందులో వేయమనండి. పడనప్పుడు పోయి తెచ్చుకోవడమే వ్యాయామం, అందుకని గంపను కాస్త దూరంగానే పెట్టండి. రబ్బరు బుడగలు మాత్రం మా కేంద్రంలో ఇవ్వము. పగిలిన బుడగ ముక్క గొంతులో అతుక్కుంటే ఊపిరి ఆడదు, అది బయటికి తీయడం చాలా కష్టం. అచ్చనగిల్లల రాళ్లు, గవ్వలు, చింతగింజలు, గోటీలు కూడా మూడేళ్లు నిండే దాకా పై అరలోనే ఉండాలి. అక్క అన్నలు ఆడి వదిలేసినవి మంచాల కింద దొరుకుతాయి, వెతకండి.

గద్వాల కోడలు

నాది ఒక ఎదురు ప్రశ్న. ఫోన్‌లో పాట పెడితే మా పాప కూర్చోదు, తెర మీది పిల్లలతో పాటు చేతులు ఊపుతూ గెంతుతుంది. కదులుతున్నప్పుడు అది కూడా ఆట కిందనే లెక్క కదా? ఎందుకు అందరూ ఫోన్ అనగానే భయపడుతున్నారు?

పిల్లల ఫిజియోథెరపిస్టు (జడ్చర్ల)

మంచి ప్రశ్న. భారతీయ శిశువైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు ఉండకూడదు, దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడించడం ఒక్కటే మినహాయింపు. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మీ పాప గెంతుతున్నంత సేపు కదలికే, కాదనను. గెంతడం ఎప్పుడు ఆగిపోయి చూడడం మిగులుతుందో గమనించండి. చాలా ఇళ్లలో అది మొదటి పాటలోనే జరుగుతుంది. పాట కావాలంటే ఫోన్‌ను అల్మారా మీద బోర్లించి పెట్టి వినిపించండి. చూడడానికి ఏమీ లేనప్పుడు పాప మిమ్మల్ని చూస్తుంది, అప్పుడు మీరు ఆడాలి, అదొక్కటే కష్టం.

గద్వాల కోడలు

బోర్లించి పెట్టాను. ఒక పూట ఏడ్చింది. ఇప్పుడు మా మామగారు ఆడుతున్నారు.

కొల్లాపూర్ పెద్దమ్మ

నీళ్ల గురించి ఎవరూ రాయలేదేమిటి? ఈ ఎండల్లో పిల్లలకు అంతకు మించిన ఆట లేదు. స్నానాల గదిలో వెడల్పాటి తట్టలో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, ఒక గుడ్డ, ఒక చెంబు, ఒక ఖాళీ గిన్నె ఇవ్వండి. గుడ్డను ముంచి, ఎత్తి, గిన్నెలో పిండాలి. గిన్నె నిండాక రెండు చేతులతో మోసుకొచ్చి మళ్లీ తట్టలో పోయాలి. చేతులకు, భుజాలకు, నడుముకు అన్నిటికీ పని. పెద్ద పెయింటు బ్రష్షు ఒకటి ఉంటే గోడకు నీళ్లతో రంగు వేయమనండి. అందిన చోటల్లా వేసి, అందని చోటుకు మునివేళ్ల మీద నిలబడతారు. ఇవతలి గోడ పూర్తయ్యే లోపల అవతలి గోడ ఆరిపోతుంది కాబట్టి పని తరగదు.

అయితే ఒక్క క్షణం కూడా అక్కడి నుంచి లేవకూడదు. ఈ వయసు పిల్లలకు తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి తొంగి చూస్తూ తలకిందులుగా పడితే లేవలేరు. జానెడు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి, అరుపు కూడా వినిపించదు. ఆట అయిన వెంటనే తట్ట బోర్లించండి, బకెట్లూ డ్రమ్ములూ మూతలతో ఉంచండి, సంపు మూతకు తాళం వేయండి. తడి కాళ్లతో బండల మీదికి రానివ్వకుండా గుమ్మం దగ్గర గోనెపట్టా వేయండి.

రామగిరి అమ్మ (నల్లగొండ)

నీళ్ల ఆటకు వాడు గంటకు తక్కువ లేవడం లేదు, పెద్దమ్మా. ఇప్పుడు సమస్య రాత్రిది. సాయంత్రం వాళ్ల నాన్న రాగానే ఇద్దరూ ఎలుగుబంట్లు అవుతున్నారు, ఆ తరువాత పదకొండు దాకా నిద్ర పోవడం లేదు. ఇంకొక సంగతి కూడా అడగాలి. మా చుట్టాలలో ఒకరు ఇంత చురుకుదనం ఏదో జబ్బు లక్షణమని, పరీక్షలు చేయించమని అంటున్నారు.

కవలల తల్లి (సూర్యాపేట)

అక్కా, ఎలుగుబంట్లను అన్నానికి ముందే ముగించండి. అన్నం తరువాత బరువైన ఆటలే ఆడించండి గాని నెమ్మదిగా ఆడించండి. మా ఇంట్లో ఆ వేళ బొంతలో చుట్టే ఆట ఉంటుంది. పిల్లను బొంత అంచున పడుకోబెట్టి, తల, మెడ పూర్తిగా బయటే ఉండేట్టు చూసి, నెమ్మదిగా చుడతాము. తరువాత కొస పట్టుకొని విప్పితే దొర్లుకుంటూ బయటికి వస్తుంది. మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఆ తరువాత పొద్దున పరిచిన మెత్తలన్నీ ఒక్కొక్కటిగా మోసి మంచం మీద పెట్టే పని వాళ్లదే. దీపం తగ్గిస్తాము, మాట తగ్గిస్తాము. మధ్యాహ్నం నిద్ర నాలుగు దాటనివ్వకండి, రాత్రి జాగరణకు సగం కారణం అదే అయి ఉంటుంది.

పిల్లల ఫిజియోథెరపిస్టు (జడ్చర్ల)

రెండేళ్ల వయసులో అతి చురుకుదనాన్ని జబ్బుగా నిర్ధారించరు. ఆ నిర్ధారణకు సంబంధించిన అమెరికా శిశువైద్యుల సంఘం మార్గదర్శకాలే నాలుగేళ్ల వయసు నుంచి మొదలవుతాయి. మీ వాడు గంట సేపు నీళ్లతో ఒకే పనిలో ఉండగలుగుతున్నాడని మీరే రాశారు, అది మంచి సంగతి. వైద్యుడికి చూపించవలసిన సందర్భాలు వేరు: ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడం, నిత్యం ఒకే పక్కకు ఒరిగి పడడం, వచ్చిన మాటలు గాని నేర్చిన కదలికలు గాని పోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. అటువంటి అనుమానం ఎవరికైనా ఉంటే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ బృందం వచ్చినప్పుడు తప్పక చూపించండి.

మిర్యాలగూడ నాన్న

ట్రాంపొలిన్ ఆలోచన మానుకున్నాను. ఆ డబ్బులో కొంత పెట్టి ఇంట్లో ఉన్న రెండు అల్మారాలను ఇనుప పట్టీలతో గోడకు బిగించాను. అరలను మెట్లలాగా ఎక్కే పిల్లలు ఉన్న ప్రతి ఇంట్లో ఈ పని ముందు చేయాలి. టీవీ బల్లను, కూలర్ స్టాండును కూడా చేత్తో ఒకసారి ముందుకు గుంజి చూడండి. మీ చేతికి ఊగినది పిల్లవాడి బరువుకు తప్పకుండా పడుతుంది. కూలర్ జాలీ సందుల్లోంచి వేలు దూరుతుందేమో కూడా చూసి, దూరితే లోపలి వైపు సన్నటి జాలీ ఇంకొకటి కట్టించండి. కిటికీల కింద బియ్యం డబ్బాలు, కుర్సీలు, మంచాలు ఉంచకండి. రామగిరి చెల్లె రాసిన ఆ బియ్యం డబ్బాను అక్కడి నుంచి జరిపారా లేదా?

రామగిరి అమ్మ (నల్లగొండ)

జరిపాము అన్నా, వంటింట్లో పెట్టాము. అల్మారా పట్టీలు ఈ ఆదివారం బిగిస్తున్నాము. అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రాలు వేయడానికి కింది పెద్దాయనను అడిగితే, డ్రిల్లింగ్ మిషన్ తన దగ్గరే ఉందన్నారు.